మట్టిలోని బొత్తాములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలలో చదువబడిన ఉపన్యాస పాఠము)



బొత్తాము మిక్కిలి అల్పమైన వస్తువు. ఊడిపోయిన నాడు తప్ప దానిని తలచువారుండరు. ఊడిన నాడైనను ఇల్లాలు పాతడబ్బాలో వెదకి, జోడు కుదరని మరియొక దానిని కుట్టి, అంతటితో దానిని మరచిపోవును. ఆ మాటయు మన గడ్డమీద పుట్టినది కాదు. పోర్చుగీసు నావికులతోడ తీరమునకు దిగి, వారి నోటి పలుకు తెలుగువారి నాలుకపై సాగి 'బొత్తాము' అయినది. నాడాలతో ముడివేయు అంగీలను నేటికిని పసిబిడ్డలకు కుట్టుచునే ఉన్నారు.

ఇట్టి అల్పవస్తువు కొరకు ఇంగ్లండులోను, అమెరికాలోను ఎందరో పెద్దమనుష్యులు సెలవుదినములలో చెవులకు శబ్దగ్రాహకములు తగిలించుకొని, పొడవైన కఱ్ఱకు చక్రము బిగించిన యంత్రమొకటి చేతబట్టి, దున్నిన చేలవెంట తలవంచుకొని నడచుచుందురు. చూచువారు నవ్వుదురు. బంగారు నాణెములకై వెదకువానిని లోకము అర్థము చేసికొనును. సిపాయి చొక్కానుండి రాలిన బొత్తామునకై నాలుగు గంటలు వంగి నడచువానిని అర్థము చేసికొనుట కష్టము. కాని నాణెము దొరకినచో అది ఏ రాజు కాలమునాటిదో మాత్రమే తెలియును. అది ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదో చెప్పువారు లేరు. బొత్తాము అట్లు కాదు. ఫలానా పటాలమునకు చెందిన మనిషి యొకడు ఫలానా చోట నిలిచెనని అది చెప్పగలదు. ఆ మాట ఎంతవరకు నమ్మదగినదో, దానిని చెప్పనీయక మనుష్యులెట్లు చెరుపుచున్నారో విచారించుటయే ఈ ప్రసంగమునకు విషయము.

బొత్తాము నోరు విప్పుటకు కారణము దానిమీది అంకె. 18వ శతాబ్దపు నడిమి భాగమువరకు బ్రిటిషు పటాలములను వాటి అధిపతుల పేర్లతోనే పిలుచుచుండిరి. అధిపతి మారినచో పటాలము పేరును మారును. లెక్కలు వ్రాయు గుమాస్తాలకు అది యెంత చిక్కుగా నుండెడిదో ఊహింపవచ్చును. 1751 లో ఆ పటాలములకు సంఖ్యలు స్థిరపడెను. 1767 లో ఆ సంఖ్యను బొత్తాములమీద ముద్రింపవలెనని ఉత్తరువు పుట్టెను. ఫ్రెంచివారు ఈ పనిని అంతకు ముందే, 1762 లో చేసిరి. సామాన్య సిపాయికి తగరము, సీసము కలిపిన సత్తుబొత్తాములు. అధికారులకు పటాలపు ఆచారమునుబట్టి వెండివో, బంగారుపూత వేసినవో. ఈ భేదము మట్టిలో రెండువందల యేండ్లు పడియున్నను చెరగదు. బ్రిటిషు సిపాయికి సత్తు పోయి ఇత్తడి వచ్చినది 1855 లో. 1871 లో సామాన్య సిపాయిలందరకును రాజచిహ్నము గల ఒకే బొత్తామును నిర్ణయించిరి. 1881 లో సంఖ్యలు వదలి జిల్లాల పేర్లు, దేశముల పేర్లు పటాలములకు పెట్టిరి. కావున బ్రిటిషు పదాతి సిపాయికి చెందిన అంకె గల సత్తుబొత్తాము దొరకినచో, అది సుమారు ఒక తొంబది యేండ్ల నడుమ చేయబడినదని చూచిన వెంటనే చెప్పవచ్చును. శాసనములను చదువు పండితులకు సైతము ఇంత సులువైన కాలనిర్ణయము తరచుగా దొరకదు.

ఆంధ్రదేశపు చరిత్రకును ఈ విషయమునకును ఒక ముడి కలదు. బొబ్బిలి యుద్ధము 1757 జనవరిలో జరిగినది. పిఠాపురమునకు చేరువనున్న చందుర్తికడ ఫోర్డు, కాన్‌ఫ్లాన్సుల సేనలు తలపడినది 1758 డిసెంబరులో. బందరు కోటను ఆంగ్లేయులు పట్టుకొనినది 1759 ఏప్రిలులో. ఈ మూడును బొత్తాములమీద అంకెలు పుట్టుటకు ముందటివి. అనగా ఆ చేలలో నాటి బొత్తామేదైన నాగటి చాలులో తేలినను, అది సాదాముఖముతోనే తేలును. తాను ఎవరిదో చెప్పజాలదు. కాని చందుర్తి పేరు మాత్రము సముద్రములు దాటిపోయెను. ఫోర్డుతో వచ్చిన కంపెనీవారి బెంగాలు ఐరోపీయ పటాలము 1862 లో బ్రిటిషు రాణి సైన్యమున చేరి 101వ పటాలమై, 1881 లో ఐర్లండు దేశమునకు చెందిన మన్‌స్టర్ ఫ్యూజిలీర్లుగా మారెను. 1922 లో దానిని రద్దుచేయు నాటివరకు దాని విజయములలో 'కొండూరు' అని వారు పలికిన చందుర్తి పేరును, మచిలీపట్నము పేరును ఉండెను. ఆ పటాలపు చిహ్నములో మండుచున్న గుండు మీద బెంగాలు పులి కలదు. ఐర్లండులో ఒక రైతు చేనిలో ఆ పటాలపు ఆనవాలు దొరకినచో, దాని వెనుక గోదావరి మండలపు పొలమొకటి ఉన్నదని ఆతడెరుగడు.

మరియొక ముడి కూడ ఉన్నది. క్లైవు చెన్నపట్టణమునుండి బెంగాలుకు గొనిపోయిన సిపాయిలను అక్కడివారు 'తిలంగా'లని పిలిచిరి. ఆ మాట ఉత్తరదేశమున చాలకాలము సిపాయికి సామాన్యనామమయ్యెను. తెలుగువాడు కాని సిపాయియు 'తిలంగా'యే. ఎఱ్ఱకోటు తొడిగి బొత్తాములు పెట్టుకొన్న వానిని చూచి, ఒక జాతి పేరునే ఆ ఉడుపునకు పెట్టిరన్నమాట.

బొత్తాము ఎట్లు రాలును? ఎఱ్ఱకోటునకు రొమ్ముమీద, మణికట్టులమీద, జేబుల మూతలమీద, వెనుక తోకమీద బొత్తాములు. అన్నియు దారముతో కుట్టినవే. డేరా వేయునప్పుడు, కంచె దాటునప్పుడు, కట్టెలు మోయునప్పుడు, పెనుగులాడునప్పుడు తెగుచుండును. సైన్యము ఒక రాత్రి విడిసిన చోట యుద్ధభూమిలోకంటె ఎక్కువగా దొరకుటలో ఆశ్చర్యము లేదు. అయినను ఒక మోసము కలదు. ఇంగ్లండులో పాతబడిన ఉన్నిబట్టలను, వానిలో సైనికుల కోటులను సైతము, చింపి ఎరువుగా చేలలో వేయు ఆచారముండెను. ఉన్నిలో నత్రజని యుండును గనుక పైరునకు మంచిది. బట్ట కుళ్లిపోయెను, బొత్తాము మిగిలెను. ఏ సిపాయియు కాలు పెట్టని చేనిలో నాలుగు పటాలముల బొత్తాములు దొరకినచో, అక్కడ మహాయుద్ధము జరిగినదని పుస్తకము వ్రాయుటకు పూనుకొనువారు ఈ ఎరువుకథను ముందు చదువవలెను.

అమెరికాలో ఈ వేడుక ఇంతకంటె ముదిరినది. 1861 మొదలు 1865 వరకు ఆ దేశపు ఉత్తర దక్షిణ రాష్ట్రములు తమలో తాము పోరాడినవి. ఉత్తరమువారి బొత్తాముమీద రెక్కలు విప్పిన డేగ, దాని రొమ్ముమీద డాలు. ఆ డాలుపై కొన్నిట ఒక అక్షరముండును: ఐ అన్న పదాతి, సి అన్న ఆశ్వికము, ఏ అన్న ఫిరంగిదళము. ఇవి లెక్కలేనన్ని తయారైనవి. కనెక్టికట్ రాష్ట్రమునందలి వాటర్‌బరీ పట్టణపు కర్మాగారములు వానికి పుట్టినిండ్లు. దక్షిణమువారికి కర్మాగారములు తక్కువ. వారు కొన్ని మోటుగా తామే పోతపోసికొనిరి. కొన్ని ఇంగ్లండునుండి ఉత్తరమువారి నౌకల కన్నుగప్పి తెప్పించుకొనిరి. లూసియానా బొత్తాముమీద గూడబాతు, దక్షిణ కరొలైనా దానిమీద తాళజాతి చెట్టు, టెక్సాసు దానిమీద నక్షత్రము. తక్కువగా తయారై, తక్కువగా మిగిలినవి గనుక సేకరించువారు వీనికై ప్రాణము పెట్టుదురు.

బొత్తాము ముఖముకంటె వెనుకభాగమే ఎక్కువ విషయము చెప్పునని అనుభవజ్ఞులందురు. తయారుచేసినవాని పేరు, ఊరు, ఒక్కొక్కప్పుడు వీధిపేరు సైతము వెనుక ముద్రితమై యుండును. లండనులోను, బర్మింగుహాములోను ఏ వ్యాపారి ఏ యేట ఏ వీధిలో నుండెనో పాత వర్తకుల పట్టికలలో ఉన్నది. ఆ పట్టికను ఈ బొత్తాముతో సరిపోల్చినచో కాలము తేలును. 'మూడు పూతల బంగారు' అనియు, 'శ్రేష్ఠమైనది' అనియు వెనుక ముద్రించుకొనుట 19వ శతాబ్దారంభమున వ్యాపారులకు పరిపాటి. ఎవ్వరును చూడని వైపున ప్రకటన! పూతలో మోసములు పెచ్చుపెరిగి, 1796 లో లోహపు బొత్తాములపై బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టమే చేయవలసివచ్చెను.

ఇక యంత్రమునుగూర్చి. విద్యుత్తు ప్రవహించు తీగచుట్టచుట్టును అయస్కాంత క్షేత్రమేర్పడును. ఆ విద్యుత్తు క్షణక్షణము దిశ మార్చుచున్నచో క్షేత్రమును మారుచుండును. అట్టి క్షేత్రమున లోహము చిక్కినచో, ఆ లోహములో సుడులవంటి చిన్న ప్రవాహములు పుట్టి, తమ క్షేత్రమును తామొకటి కల్పించును. యంత్రమునందలి రెండవ తీగచుట్ట దానిని పసికట్టి శబ్దముగా మార్చును. ఇంతే దీని రహస్యము. ఇనుము పలుకు తీరు వేరు, రాగి ఇత్తడులు పలుకు తీరు వేరు. అందుచేత నేర్పరి మేకునకు వంగడు, బొత్తామునకు వంగును. కాని సత్తుబొత్తాము పలుకునకును, నిన్న మొన్న ఎవరో పారవైచిన అల్యూమినియపు మూత పలుకునకును భేదము చాల స్వల్పము. నూరు మూతలు త్రవ్వనివానికి ఒక బొత్తాము దొరకదు. ఆ పరిమాణముగల వస్తువును సాధారణ యంత్రము జానెడు లోతున, మహాయైన దానికి కొంచెము దిగువన గుర్తింపగలదు. గజము లోతున నిధి యున్నదని యంత్రము చెప్పునని నమ్మబలుకువారు మన పల్లెలకును వచ్చుచుందురు. వారి మాట వినినవారి డబ్బు మాత్రము లోతుగా పాతుకొనిపోవును.

దీని పుట్టుక విచిత్రమైనది. 1881 జూలైలో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డును ఒకడు తుపాకితో కాల్చెను. గుండు దేహములో ఎక్కడ చిక్కుకొనినదో వైద్యులకు తెలియలేదు. టెలిఫోనును నిర్మించిన అలెగ్జాండర్ గ్రాహం బెల్, అంతకు రెండేండ్లముందు హ్యూస్ అను శాస్త్రజ్ఞుడు చూపిన సూత్రమునుబట్టి ఒక పరికరము నిర్మించి, రోగి దేహముమీద రెండు పర్యాయములు పరీక్షించెను. ఫలింపలేదు. మంచములోని ఉక్కు స్ప్రింగులు యంత్రమును తికమక పెట్టెను. పైగా వైద్యుడు గుండు కుడివైపుననే ఉన్నదని పట్టుబట్టి ఆవైపే వెదకనిచ్చెను. గుండు ఎడమవైపున ఉండెను. సెప్టెంబరులో అధ్యక్షుడు మరణించెను. యంత్రమునకంటె ముందు మనుష్యుని అభిప్రాయమే అడ్డు వచ్చినదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి అక్కరలేదు. తరువాత 1930 ప్రాంతముల కాలిఫోర్నియాలో గెర్‌హార్డ్ ఫిషర్ అను జర్మను వలసదారు దీనిని చేత మోయదగినదిగా చేసి, 1937 లో హక్కుపత్రము పొందెను. రెండవ ప్రపంచయుద్ధమున పోలండు దేశపు అధికారి కొసాట్స్కీ స్కాట్లండులో కూర్చుండి, పాతిపెట్టిన మందుపాతరలను కనిపెట్టు యంత్రమును రూపొందించి, ఏ ప్రతిఫలమును కోరక బ్రిటిషు సైన్యమునకిచ్చివైచెను. 1942 అక్టోబరులో ఎల్ అలమీన్ యుద్ధమున అట్టివి 500 వాడిరి. భారతీయ నాలుగవ డివిజనును ఆ యుద్ధమున పాల్గొనెను. యుద్ధము ముగిసినపిదప మిగులు సామగ్రిగా అమ్ముడుపోయిన మందుపాతర యంత్రములనే కొందరు కొని, పాత యుద్ధభూములమీద త్రిప్పసాగిరి. ప్రాణములు కాపాడుటకు పుట్టిన యంత్రము బొత్తాములకై వాడుకలోనికి వచ్చిన విధమిది.

మంచి అన్వేషకుడు యంత్రముతో మొదలుపెట్టడు, గ్రంథాలయముతో మొదలుపెట్టును. సైన్యము ఏ దారిని నడచెను, ఎన్నడు ఎచ్చట విడిసెను, నాటి పటములో బావి యెక్కడ, వాగు యెక్కడ, ఇవి తెలియక పొలములో తిరుగువాడు చీకటిలో తడవుకొనువాడే. సైన్యము నీరులేని చోట విడియదు గదా. తరువాత భూస్వామి అనుమతి. పైరులేని కాలమున, వాన కురిసి నేల మెత్తబడిన పిదప నడక. శబ్దము వినబడినచో మూడువైపుల గడ్డను కోసి, తలుపువలె తెరచి, వస్తువును తీసి, మరల మూసివేయవలెను. గుంటను వదలిపోవువానిని ఆ రైతు మరల రానీయడు, అతని వెనుక వచ్చు మంచివానిని కూడ రానీయడు.

బయటపడిన బొత్తామును శుభ్రపరచుటలో చేయు అపచారము అన్నిటికంటె సామాన్యము. ఇత్తడి బిందెను చింతపండుతో తోమినట్లు దీనిని తోముదురు. బిందె తళతళలాడును, దానికి కావలసినది అదే. బొత్తాముమీది పచ్చని పొర రెండువందల యేండ్లుగా లోహమే మట్టితో కలిసి కట్టుకొనిన కవచము. పులుపు తగిలినంతనే ఆ పొర కరగి, దానితో పాటు పలుచని బంగారుపూతయు, అంకె అంచులును పోవును. ఒట్టి నీరు, మెత్తని కుంచె, ఓర్పు, ఇవి చాలును. సత్తుబొత్తాము ఇంకను సుకుమారము. ఎండలో ఆరబెట్టిన పొరలు లేచిపోవును.

అరుదుదనము విషయమున జనులకు ఒక భ్రమ కలదు. పాతదైనంతమాత్రమున అరుదైనది కాదు. 1794 ప్రాంతమున ఫ్రాన్సుతో యుద్ధము వచ్చినపుడు బ్రిటిషువారు తొందరగా క్రొత్త పటాలములను లేపి, నూరుకు పైబడిన సంఖ్యలనిచ్చిరి. వానిలో పెక్కు ఏడాది రెండేండ్లకే రద్దయ్యెను. ఆ సంఖ్యలు గల బొత్తాములు వేళ్లమీద లెక్కింపదగినంత దొరకును. అంతకంటె పాతదైనను, యుగములపాటు నిలిచిన పటాలపు బొత్తాము ఎక్కడ చూచినను ఉండును. వెల పెరిగిన చోట దొంగసరుకు తప్పదు. పాత అచ్చులతో క్రొత్తవి కొట్టి, ఆమ్లములో ముంచి, పేడలో పాతి, నూరేండ్ల వయస్సు నెలరోజులలో తెప్పించువారున్నారు. దక్షిణ అమెరికా రాష్ట్రముల బొత్తాములలో ఈ మోసము మెండు.

ఇప్పుడు అసలు విషయమునకు రావలెను. బొత్తాము విలువ బొత్తాములో లేదు. అది దొరకిన చోటులో ఉన్నది. మూడు సంగతులు చెప్పిన ఇది తెలియును.

మొదటిది లిథువేనియా దేశపు విల్నియస్ నగరమున జరిగినది. 2001 లో అక్కడ పాత సోవియట్ సైనికావాసపు నేలను చదునుచేయుచుండగా ఎముకలు బయటపడెను. మొదట ఇరవయ్యవ శతాబ్దపు హత్యల ఫలితమేమోనని అందరును కలతపడిరి. ఎముకల నడుమ బొత్తాములు కనబడెను, వానిమీద అంకెలు. అవి నెపోలియను సైన్యపువి. 1812 జూన్‌లో లక్షల సేనతో రష్యాలో ప్రవేశించి, డిసెంబరులో మంచులో తిరిగివచ్చుచు ఆ నగరము చేరి, చలికి, ఆకలికి, రోగములకు లోనై చచ్చినవారు వారు. మూడువేలకు మించిన దేహములను ఒక పొడవైన కందకములో, గడ్డకట్టిన నేలను త్రవ్వలేక, పేర్చి పూడ్చిరి. బొత్తాములనుబట్టి సుమారు నలుబది పటాలములవారు అందుండిరని తేల్చిరి. 2003 లో ఆంటకాల్నిస్ శ్మశానమున వారిని మరల సమాధిచేసిరి. ఏ అన్వేషకుడైన ముందుగా రాత్రివేళ వచ్చి ఆ బొత్తాములను ఏరుకొనిపోయియుండినచో, ఆ ఎముకలు ఎవరివో తెలిసికొనుట ఎంత కష్టమయ్యెడిది!

ఈ సందర్భమున లోకప్రసిద్ధమైన ఒక కథను ప్రస్తావింపక తప్పదు. నెపోలియను సిపాయిల బొత్తాములు తగరముతో చేసినవనియు, రష్యా చలికి తగరము బూడిదవలె పొడియై రాలిపోయి, కోటులు తెరచుకొని, సైన్యము నశించెననియు చెప్పుదురు. తగరము 13 డిగ్రీలకు దిగువన క్రమముగా బూడిదవన్నె పొడిగా మారు గుణము గలదను మాట శాస్త్రసమ్మతమే. కాని అది వారములలో జరుగు పని కాదు. సీసము వంటివి కొంచెము కలిసినచో మరియు ఆలస్యమగును. ఫ్రెంచి పదాతిదళముల బొత్తాములలో పెక్కు ఇత్తడివి. విల్నియస్ కందకములో అవి అంకెలతో సహా నిలిచియే ఉండెను. రసాయనశాస్త్రము చెప్పు పంతుళ్లకు ఈ కథ ప్రియమైనదే. కాని ఆకలిని, గుఱ్ఱములు లేమిని, జ్వరములను వదలి తప్పును బొత్తాముమీద వేయుట న్యాయము కాదు.

రెండవది అమెరికాలోని లిటిల్ బిగ్‌హార్న్ నదీతీరము. 1876 జూన్ 25 న కస్టర్ అను సేనాని, ఆతనితోనున్న రెండువందలకు పైగా ఆశ్వికులు లకోటా, షైయెన్ జాతుల యోధులచేత అందరును హతులైరి. ఆ దండులో బ్రతికి బయటపడి కథ చెప్పినవాడు లేడు. గెలిచినవారు చెప్పిన మాటలను తెల్లవారు నూరేండ్లు సరిగా చెవిని పెట్టలేదు. 1983 లో అచ్చట గడ్డి తగులబడి నేల బయటపడెను. మరుసటి యేట పురావస్తు శాస్త్రజ్ఞులు డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అనువారు, లోహశోధక యంత్రములు గల వేడుకకాండ్రనే పిలిచి, బారులుగా నడిపించిరి. నియమము ఒక్కటే: శబ్దము వినబడిన చోట జెండా పాతవలెను, త్రవ్వరాదు. వెనుకవచ్చువారు ఒక్కొక్క తూటా గొట్టమును, గుండును, బొత్తామును దాని చోటుతో సహా పటమున గుర్తించి తీసిరి. తుపాకి సూది గొట్టముమీద చేసిన గాటును పోలీసు నిపుణులవలె పరీక్షించి, ఒకే తుపాకి ఎక్కడనుండి ఎక్కడకు నడిచినదో కనిపెట్టిరి. సేన ఒక్కచోట నిలిచి వీరోచితముగా పోరాడి పడెనను చిత్రపటముల కథ సడలెను. దండు చెదరి విచ్ఛిన్నమైనదను ఆ జాతులవారి మాటకు బలము చేకూరెను. పురావస్తు శాస్త్రజ్ఞులకును యంత్రధారులకును అంతవరకు పాము ముంగిసల వైరముండెను. చోటును గౌరవించిన దినముననే ఆ వైరము తగ్గెను.

చట్టములును ఈ దృష్టితోనే పుట్టినవి. ఇంగ్లండులో భూస్వామి అనుమతితో వెదకవచ్చును; రక్షిత స్థలములలో కూడదు. అక్కడ 1997 లో మొదలైన స్వచ్ఛంద నమోదు పద్ధతిలో ప్రజలు చూపిన వస్తువులు పదిలక్షలకు మించి లెక్కకెక్కెను. అయితే మూడువందల యేండ్లలోపు వస్తువులను వారు సాధారణముగా నమోదు చేయరు గనుక, సైనిక బొత్తాములలో పెక్కు ఆ పుస్తకమునకు ఎక్కవు. ఇది విచారింపదగిన లోపము. ఐర్లండులో అనుమతిపత్రము లేక పురావస్తువులకై యంత్రముతో వెదకుట నేరము. ఫ్రాన్సులో 1989 నుండి ప్రభుత్వానుమతి కావలెను. పైగా అచ్చటి పాత యుద్ధభూములలో పేలని గుండ్లు నేటికిని నాగళ్లకు తగులుచున్నవి. అమెరికాలో జాతీయ యుద్ధభూములలో వెదకుట శిక్షార్హము. భారతదేశమున 1878 నాటి నిధి చట్టముప్రకారము, నేలలో దాగియుండి పదిరూపాయల వెలకు మించిన దేది దొరకినను కలెక్టరునకు తెలుపవలెను. నూరేండ్లు దాటిన కళావస్తువులు, నాణెములు, లోహపు పనితనము 1972 నాటి చట్టముక్రిందకు వచ్చును. బావి త్రవ్వునప్పుడో, దుక్కి దున్నునప్పుడో ఏదైన బయటపడినచో దానిని తోమక, ఏ సర్వేనంబరులో ఏ గట్టుకు ఎన్ని అడుగులలో దొరకెనో కాగితముపై వ్రాసి, రెవెన్యూ అధికారికి చూపుట ఏ రైతుకైనను చేతనైన పనియే. సికిందరాబాదు, సామర్లకోట, విజయనగరము, బందరు మొదలైన పాత దండువిడుదుల చుట్టుపట్ల గ్రామములవారికి ఈ మాట ప్రత్యేకముగా చెప్పదగినది.

మూడవ సంగతి ఫ్రాన్సులోని ఫ్రొమెల్ అను పల్లెకు చెందినది. 1916 జూలై 19 న ఆ పల్లెముందు ఆస్ట్రేలియా, బ్రిటిషు సేనలు జర్మనుల కందకములమీద దాడి వెడలి, ఒక్క రాత్రిలో చితికిపోయెను. ఎందరో మృతుల దేహములు దొరకలేదు. మెల్బోర్న్ నగరమున లాంబిస్ ఎంగ్లెజోస్ అను చిత్రలేఖన ఉపాధ్యాయుడు, యంత్రము పట్టక, కాగితములు పట్టెను. మృతుల పట్టికలను, సమాధుల లెక్కలను ఒకదానిప్రక్క ఒకటి పెట్టి చూడగా ఎందరో తగ్గుచుండిరి. ఆ పల్లెయొద్ద ఫెజంట్ వుడ్ అను చిన్నతోపు ప్రక్కన జర్మనులు శత్రువుల మృతదేహములను గుంటలలో పూడ్చిరని ఆతడు వాదించెను. పెద్దలు చాలకాలము నమ్మలేదు. 2007 లో గ్లాస్గో విశ్వవిద్యాలయపువారు అచ్చట ఏ గుంటయు త్రవ్వక, పైపొరలో లోహశోధక యంత్రముతో పరీక్షింపగా, ఆస్ట్రేలియా సైనికుల జ్ఞాపిక బిళ్లలు రెండు దొరకెను. తీసినవారు వాని చోటును పటమున గుర్తించిరి. మరుసటి యేట త్రవ్విచూడగా దేహములు కనబడెను. 2009 లో 250 మందిని వెలికితీసిరి. వారి ఎముకలతోపాటు బొత్తాములు, పట్టీలు, చిహ్నములు ఎక్కడివక్కడ నుండుటచేత ఎవరు ఆస్ట్రేలియావారో, ఎవరు బ్రిటిషువారో చెప్పుటకు సాయపడెను. తరువాత వారి బంధువుల డి.ఎన్.ఏ.తో పోల్చి ఒక్కొక్కరి పేరును కనుగొనిరి. క్రొత్త శ్మశానము కట్టిరి. 2010 జూలై 19 న, యుద్ధము జరిగిన తొంబదినాలుగేండ్లకు, కడపటి సైనికుని దేహమును అచ్చట సమాధిచేసిరి. పేర్లు తేలినవారి సంఖ్య నూటయరువది దాటెను. తక్కినవారి రాళ్లమీద పేరులేదు. ఏ దేశపు సైనికుడో తెలిసినవారి రాళ్లమీద ఆ ఒక్క ముక్క మాత్రము చెక్కియున్నది.